బొమ్మల కొలువు పక్కన గూడ్స్ యార్డ్: నాలుగడుగుల పలక మీద మోడల్ రైలు కట్టడం ఎలా

నా మొదటి లేఅవుట్‌ని, అంటే పలక మీద కట్టిన మోడల్ రైలుని, రంపంతో రెండు ముక్కలు చేసి బయటికి తీయాల్సొచ్చింది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు, దాని మీద గుండ్రంగా పట్టాలు, మధ్యలో కొండ, కొండలో సొరంగం. ఏడాదిన్నర పని. షీటుగా ఉన్నప్పుడు గదిలోకి బాగానే వచ్చింది. కొండ మొలిచాక వరండా మలుపు తిరగలేదు. ఇల్లు మారే రోజు సామాన్లు మోసే కుర్రాడు దాన్ని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూసి "సార్, ఇది ఈ గదిలోనే పుట్టిందా?" అన్నాడు.

అంతకంటే బాధపెట్టిన సంగతి ఇంకొకటి. ఆ ఏడాదిన్నరలో దాన్ని చూసినవాళ్ళు పది మంది కూడా ఉండరు. చూసినవాళ్ళు కూడా రైలు రెండు చుట్లు తిరిగేదాకా "అబ్బ!" అని, మూడో చుట్టుకి ఫోను తీశారు. గుండ్రంగా తిరిగే రైలుని అంతకంటే ఎక్కువసేపు ఎవరు మాత్రం చూస్తారు?

అందుకే మొదటిసారికి మిమ్మల్ని కట్టమనేది చిన్నది. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక. ఒక ఇంజిను, ఎనిమిది గూడ్స్ వ్యాగన్లు, రెండు పాయింట్లు (పట్టాలు చీలేచోట దారి మార్చేవి). కారు వెనక సీటులో పడుతుంది, లిఫ్టులో నిలబెట్టొచ్చు, సంక్రాంతికి బొమ్మల కొలువు పక్కన పెట్టొచ్చు. వచ్చినవాళ్ళు చూసి ఊరుకోరు, ఆడతారు.

ఆట సంగతి ముందు

ఈ పట్టాల అమరిక బ్రిటన్‌కి చెందిన ఆలన్ రైట్‌ది. మోడల్ రైళ్ళ వాళ్ళు దీన్ని ఇంగిల్‌నుక్ అంటారు. ఇంజిను తిరిగే లైను ఒకటి, దాన్నుంచి చీలిన సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు, మూడు. పొడవాటి సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజిను తిరిగే ఆ లైనులో ఇంజినుతో పాటు మూడే వ్యాగన్లు పడతాయి. ఈ ఇరుకులోనే ఆటంతా ఉంది.

ఎనిమిది వ్యాగన్లకి ఎనిమిది చీటీలు రాసి గిన్నెలో వేస్తారు. ఐదు చీటీలు వరసగా తీస్తారు. ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఐదు వ్యాగన్లనూ పొడవాటి సైడింగులో నిలబెట్టాలి. చేత్తో ఎత్తకూడదు, షంటింగ్ చేసే, అంటే ఇంజినుతో లాగీ తోసీ, పెట్టాలి. ఎనిమిదింట్లోంచి ఐదింటిని వరసగా తీస్తే 6,720 రకాల బండ్లు వస్తాయి. మా మేనల్లుడు నాలుగు సంక్రాంతులుగా ఆడుతున్నాడు, విసుగన్న మాట వినలేదు.

సైజు, సామాను

హెచ్ఓ సైజు తీసుకోండి. నిష్పత్తి 1:87, అంటే అసలు వస్తువులో అడుగుకి మోడల్లో మూడున్నర మిల్లీమీటర్లు. ఐదున్నర అడుగుల మనిషి 19.25 మి.మీ. వస్తాడు. మన బ్రాడ్‌గేజ్ కూడా సరిగ్గా ఐదున్నర అడుగులే కాబట్టి పట్టాల మధ్య దూరం కూడా 19.25 రావాలి. కానీ హెచ్ఓ పట్టాలు 16.5 మి.మీ.కే వస్తాయి. అవి యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్‌కి చేసినవి. మన వ్యాగన్లు వాటి మీద కాస్త కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టుంటాయి. రెండడుగుల దూరం నుంచి ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు అడిగితే ఒప్పేసుకోండి.

ఎన్ సైజు (1:160) ఇంకా చిన్నది. చోటు కలిసొస్తుంది గానీ షంటింగుకి నేను వద్దంటాను. బుల్లి చక్రాల ఇంజిను, చిన్న దుమ్ము రేణువు అడ్డొస్తే చాలు ఆగిపోతుంది. బ్రిటిష్ వాళ్ళ ఓఓ సైజు (1:76) మాత్రం ఇదే 16.5 పట్టాల మీద నడుస్తుంది. పాత ఓఓ వ్యాగన్లు చౌకగా దొరికితే వదలకండి. మన పాత నాలుగు చక్రాల వ్యాగన్లది కూడా బ్రిటిష్ వంశమే కాబట్టి పోలిక బాగానే కుదురుతుంది.

ఎక్స్‌ప్రెస్ బండి కావాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె ఒక్కటే ఈ సైజులో దాదాపు ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. మూడు పెట్టెలూ ఇంజినూ పెడితే మన పలకలో ముప్పాతిక అయిపోయింది. నాలుగు చక్రాల వ్యాగను కప్లింగుతో (ఒకదానికొకటి తగిలించే భాగంతో) కలిపి తొమ్మిది సెంటీమీటర్లు. షంటింగ్ ఇంజిను పన్నెండు లోపు ఉన్నది చూసుకోండి. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిను మీద మోజుంటే అది దాదాపు ఇరవై సెంటీమీటర్లు ఉంటుంది. పెట్టొచ్చు గానీ ప్రతి సెంటీమీటరూ లెక్కపెట్టుకోవాలి.

కొనాల్సినవి: ఇంజిను, రెండు పాయింట్లు (చిన్న రేడియస్‌వి, ఒక్కోటి పద్దెనిమిదిన్నర సెంటీమీటర్ల దాకా ఉంటాయి), మూడు గజాల ఫ్లెక్సిబుల్ ట్రాకు (కావాల్సినట్టు వంచుకునే పట్టాలు), వ్యాగన్లు, కంట్రోలరు. నా డబ్బులో ముప్పాతిక వంతు ఇంజినుకీ పాయింట్లకీ పోయింది, ఆ రెండింటి దగ్గర పొదుపు చేయొద్దు. మిగతావన్నీ వంటింట్లో, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.

చాలామందికి ఇంజిను అమెరికాలో ఉన్న బావగారి సూట్‌కేసులోనే వస్తుంది. రానివ్వండి. కానీ దానితో వచ్చే పవర్ ప్యాక్‌ని గోడ సాకెట్లో పెట్టకండి. అది 120 వోల్టులది, మన గోడలో 230 ఉంటుంది. నేను పెట్టాను. ఒక్క క్షణం సన్నగా కూత పెట్టింది, తర్వాత కాలిన వాసన. ఇంజిను కూయాల్సిన కూత అదొక్కటే కూసింది. ఇక్కడ దొరికే 12 వోల్టుల అడాప్టరు, ఒక డీసీ మోటారు స్పీడ్ కంట్రోలు బోర్డు, ముందుకీ వెనక్కీ మార్చడానికి ఆరు కాళ్ళ డీపీడీటీ స్విచ్చు చాలు. కోర్‌లెస్ (లోపల ఇనప దిమ్మ లేని) మోటారు ఉన్న ఇంజినైతే చౌక స్పీడ్ బోర్డులు దాన్ని వేడెక్కిస్తాయి. అలాంటిదానికి మోడల్ రైళ్ళ కోసమే చేసిన కంట్రోలరు కొనండి.

పలక

ప్లైవుడ్ దుకాణంలో 12 మి.మీ. బీడబ్ల్యూఆర్ (తేమని తట్టుకునే) రకం కటింగ్ ముక్క అడగండి, నాలుగడుగులు బై అడుగు. నిండు షీటు కొననక్కర్లేదు. అదే ప్లైలోంచి మూడంగుళాల పట్టీలు కోయించి కింద చుట్టూ ఫ్రేము బిగించండి, మధ్యలో ఒక అడ్డపట్టీ. వైర్లు ఆ ఫ్రేము లోపలే ఉంటాయి. పైనా కిందా, అంచులకి కూడా ప్రైమరు పూయాలి. ఒకవైపే పూస్తే వానాకాలం తేమకి పలక అప్పడంలా వంగుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు రెండు పూతలు వేయండి.

పట్టాలు: తొందరపడకూడని చోటు

ముందు పలక మీదే పెన్సిలుతో గీసుకోండి. ఎడమ చివర నుంచి ఇంజినుకి పన్నెండు, మూడు వ్యాగన్లకి ఇరవై ఏడు, మొత్తం ముప్పై తొమ్మిది సెంటీమీటర్ల లైను. తర్వాత మొదటి పాయింటు. దాని ఒక చీలిక ఐదు వ్యాగన్ల సైడింగుకి, అంటే నలభై ఐదు సెంటీమీటర్లకి. రెండో చీలికకి రెండో పాయింటు, అక్కణ్ణుంచి ఇరవై ఏడేసి సెంటీమీటర్ల సైడింగులు రెండు. ఇంజిను లైను, రెండు పాయింట్లు, ఒక చిన్న సైడింగు కూడితే 103. పలక 122. మిగిలిన పంతొమ్మిదీ పాయింటు దగ్గర పక్క లైను వ్యాగనుకి తగలకుండా వదలాల్సిన చోటుకీ, చివర డెడ్ ఎండ్ బఫర్లకీ పోతుంది. బఫర్లని కొలిచి పెట్టండి. మూడు పట్టాల్సిన సైడింగులో నాలుగు పడితే ఆటలో పస పోతుంది.

మూడు మిల్లీమీటర్ల కార్కు షీటు పలకంతా పరిచి అంటించి, దాని మీద ట్రాకు వేయండి. ఫ్లెక్సిబుల్ ట్రాకుని కోశాక పట్టా అంచుని సన్న ఆకురాయితో నున్నగా చేయాలి. వేలికొసతో తడిమితే గోరు తగలకూడదు. మీ గోరుకి తగిలింది చక్రానికీ తగులుతుంది. పట్టా పట్టా కలిసేచోట అట్టముక్క మందం సందు వదలండి, ఎండాకాలం దాని పని దానికుంటుంది.

పాయింట్లు కొనేటప్పుడే ఒక మాట చూసుకోవాలి. రెండు పట్టాలు కత్తిరించుకునే చోటుని మన రైల్వేవాళ్ళు క్రాసింగ్ అంటారు, మోడల్ వాళ్ళు ఫ్రాగ్ అంటారు. పెకో కంపెనీ పాయింట్లలో అది ప్లాస్టిక్‌ది ఉంటే ఇన్సుల్‌ఫ్రాగ్, లోహానిదైతే ఎలక్ట్రోఫ్రాగ్. పొట్టి షంటింగ్ ఇంజిను నత్తనడకన ప్లాస్టిక్ ముక్క మీదికి రాగానే కరెంటు అందక చతికిలబడుతుంది. లోహానిదే తీసుకోండి.

వైరింగ్ అనగానే టెన్షన్ పడేవాళ్ళకి ఇక్కడ మంచి కబురు. సైడింగులన్నీ ఒకే దిక్కున ఉన్నాయి కాబట్టి ఇంజిను లైను దగ్గర, అంటే మొదటి పాయింటుకి ముందు, రెండు వైర్లు అతికిస్తే యార్డంతా నడుస్తుంది. పాయింటు ఎటు తిప్పితే కరెంటు అటే పోతుంది. సైడింగు చివర ఇంకో జత వైర్లు అతికిద్దామని ఉత్సాహపడ్డారో, ఎలక్ట్రోఫ్రాగ్ దగ్గర షార్టే. అలా ఇవ్వాలంటే క్రాసింగు నుంచి బయల్దేరే లోపలి పట్టాలు రెండింటికీ ప్లాస్టిక్ జాయినర్లు (పట్టాలని కలిపే, కరెంటు పోనివ్వని ముక్కలు) వేయాలి. మన చిన్న యార్డుకి అంత అవసరం లేదు.

వైరు అతికేటప్పుడు ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. అటూ ఇటూ తడి దూది పెట్టి, పట్టా బయటి పక్కన ముందే కాస్త సోల్డరు పట్టించి, వైరు ఆనించి రెండు మూడు క్షణాల్లో తీసేయండి. పట్టా లోపలి పక్కన అతికితే చక్రం అంచు దానికి కొట్టుకుంటుంది.

పాయింటు తిప్పడానికి మోటార్లు వద్దు. పాత సైకిలు పుల్ల ఒకటి పలక కింద నుంచి ముందు అంచుదాకా లాగి, చివర డ్రాయరు గుండీ బిగించండి. తోస్తే ఒక లైను, లాగితే ఇంకోటి. పిల్లలకి ఇది మోటారు కంటే ఇష్టం.

ఇప్పుడు గుండుసూదులతో ట్రాకుని తాత్కాలికంగా నిలబెట్టి వారం పాటు నడపండి. గడ్డీ రాళ్ళూ ఏమీ వద్దు, ఉత్త పలక మీదే. ఎక్కడ పడిపోతోందో, ఎక్కడ ఆగుతోందో అక్కడ పెన్సిలు గుర్తు. రోజూ పడేది ఒకే వ్యాగనైతే తప్పు దానిది, వేర్వేరు వ్యాగన్లు ఒకేచోట పడితే తప్పు పట్టాది. తేలికైన వ్యాగన్లు ఎక్కువగా పడతాయి. అమెరికా మోడల్ రైల్‌రోడ్ సంఘం, ఎన్ఎమ్ఆర్ఏ, హెచ్ఓకి చెప్పే లెక్క ఇది: ముందు 28 గ్రాములు, ఆపైన పొడవు అంగుళానికి 14 గ్రాములు. మన తొమ్మిది సెంటీమీటర్ల వ్యాగనుకి డెబ్భై ఐదు, ఎనభై గ్రాముల మధ్య వస్తుంది. వలలకి కట్టే సీసం గుళ్ళు లోపల అంటించి సరిచేయండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

కంకర పోయడం

లేఅవుట్ అందం సగం ఇక్కడే, తప్పులు కూడా ఇక్కడే.

అసలు ట్రాకు కింద కంకర అరవై ఐదు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. దాన్ని 87తో భాగిస్తే ముప్పావు మిల్లీమీటరు. ఇల్లు కడుతున్నచోట క్రషర్ డస్ట్ దోసెడు అడిగి తెచ్చుకోండి. ముందు పిండి జల్లెడలో, తర్వాత టీ వడపోసే జాలీలో జల్లిస్తే మధ్యలో మిగిలే నలుసు మనకి కావాల్సిన కంకర. కడిగి ఎండబెట్టి, కాగితం మీద పరిచి అయస్కాంతం తిప్పండి. దానికి అంటుకునే నల్లటి పొడి ట్రాకు మీదికి వెళ్ళిందంటే ఇంజిను మోటారు లాక్కుంటుంది. మొదటిసారి నేనూ "రాయికి అయస్కాంతమేంటి" అనుకున్నాను, తిప్పి చూశాక నోరు మూసుకున్నాను.

ఎండిన కంకరని చెంచాతో పట్టాల మధ్య పోసి మెత్తటి బ్రష్షుతో సర్దాలి. స్లీపరు పైభాగం కనపడాలి, పట్టా లోపలి అంచున ఒక్క నలుసు ఉండకూడదు. సర్దడం అయిందనుకున్నాక ఖాళీ వ్యాగను ఒకటి చేత్తో తోయండి. టిక్కుమన్నచోట నలుసుంది. తర్వాత నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, స్ప్రే సీసాతో పైనుంచి మంచు పడినట్టు తడపండి. ఈ తడి లేకుండా జిగురు వేస్తే అది ముత్యంలా గుండ్రంగా నిలబడి కంకరని చుట్టేసుకుంటుంది, లోపలికి దిగదు. తడిశాక ఫెవికాల్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపి, మందుల షాపు సిరంజితో చుక్కచుక్కగా వదలండి. పాలలా తెల్లగా కనపడుతుంది, కంగారు పడకండి. తెల్లారేసరికి పారదర్శకం అయిపోయి రాయిలా బిగుస్తుంది.

పాయింటు కదిలే బ్లేళ్ళ దగ్గర మాత్రం సిరంజి వాడకండి. అక్కడ ముందే కుట్టుమిషను నూనె చుక్క పుల్లతో రాసి, కంకర పలచగా చల్లి, జిగురు పుల్లతోనే అద్దాలి. ఆరేవరకు గంటకోసారి పాయింటుని అటూ ఇటూ తిప్పుతుండాలి. నేను రాత్రి పదింటికి జిగురు పోసి పడుకున్నాను. పొద్దున్నకి పాయింటు ఎప్పటికీ ఎడమవైపే. బ్లేడుతో గీకి, వేడినీళ్ళు అద్ది ఆదివారమంతా కూర్చుంటే కదిలింది. ఇప్పటికీ ఆ గుండీ కాస్త బిగువుగానే ఉంటుంది.

ఊరు కట్టడం

యార్డ్ ఏ కాలానిదో ముందే అనుకోండి. ఇప్పుడు గూడ్స్ అంటే నిండు రేక్, అంటే బండి మొత్తం ఒకే సరుకు, ఒకేచోటికి. ఒక్కో వ్యాగనునీ విడదీసి సైడింగులో పెట్టే పని పాతకాలపు స్టేషన్లలోది. నాది 1970ల నాటి ఊహా స్టేషను, పేరు బెల్లంపాలెం. మనసులో ఉన్నది అనకాపల్లి బెల్లం. దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది కాబట్టి వ్యాగన్లు ఆ జోనువే. ఇంటి గ్రిల్లుకి వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పలచగా పూస్తే గూడ్స్ వ్యాగను రంగు దాదాపు వచ్చేస్తుంది.

గూడ్స్ షెడ్డు గోడలకి పెళ్ళి శుభలేఖల అట్ట బ్రహ్మాండంగా పనికొస్తుంది. మందం, గట్టిదనం రెండూ ఉంటాయి, ఏ ఇంట్లోనైనా కట్టలు కట్టలుగా పడుంటాయి. రేకుల కప్పు కావాలంటే వంటింటి అల్యూమినియం ఫాయిలుని ఇనప పేలదువ్వెన పళ్ళ మీద పరిచి వేలితో నొక్కండి, గీతలు పడతాయి. బెల్లం దిమ్మలకి సన్న ధనియాలు. మూడు మిల్లీమీటర్ల గింజ 1:87లో అడుక్కి కాస్త తక్కువ. వాటికి రంగులేని గోళ్ళ పాలిష్ ఒక పూత వేయండి, పురుగు పట్టదు. నిజం బెల్లం ముక్కలు పెట్టాలన్న ఆలోచన మీకూ వస్తుంది. చీమలకీ వస్తుంది.

నేలకి, వాడేసిన టీపొడి కడిగి ఎండబెట్టి చల్లితే ఎర్రమట్టి కలిసిన మసినేల వస్తుంది. గడ్డికి పోస్టరు రంగులో నానబెట్టిన రంపపు పొట్టు. పచ్చటి రంగు ఒక్కటే వాడితే క్రికెట్ గ్రౌండులా ఉంటుంది. పసుపూ గోధుమా కలపండి, మన ఊళ్ళలో ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డి ఎండే ఉంటుంది కదా. మనుషుల బొమ్మలు కొంటే కోట్లూ టోపీలూ వేసుకుని వస్తారు. టోపీ కోసేసి, టిష్యూ కాగితం జిగురులో ముంచి నడుముకి చుడితే పంచె. ఎర్రచొక్కా వేస్తే పోర్టరు. స్టేషను బోర్డు పసుపు మీద నల్ల అక్షరాలు, మూడు భాషల్లో, కింద సముద్ర మట్టానికి ఎత్తు. ఫోనులో తయారుచేసుకుని ఫొటో కాగితం మీద మూడు సెంటీమీటర్ల వెడల్పున ప్రింటు తీయించండి. మా ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు అందరికంటే ముందు వంగి చదివేది దాన్నే.

నలుగురికీ చూపించడం

కొలువు మెట్ల మీద పెట్టకండి, పక్కన బల్ల మీద పెట్టండి. బల్ల ఎత్తు పదేళ్ళ పిల్లల ఛాతీకి రావాలి. రైలుని పైనుంచి చూస్తే బొమ్మ, కంటి ఎత్తున చూస్తే రైలు. చిన్నవాళ్ళకి పీట వేయండి.

వ్యాగన్లు విడదీయడానికి కొక్కెం కప్లింగులైతే కాలిన అగరుబత్తి పుల్ల చాలు. ఒక చివర సన్నగా చెక్కి కప్లింగుల మధ్య పెట్టి ఎత్తితే ఊడతాయి. పుల్లలు నాలుగైదు ఉంచుకోండి, పేరంటం అయ్యేసరికి రెండే ఉంటాయి. వ్యాగన్ల మీద అంకెలు వేయకుండా ఒక్కోదాని సరుకు వేరేగా పెడితే చీటీల్లో "బెల్లం, బొగ్గు, ఉప్పు, కలప" అని రాయొచ్చు. చదవడం రానివాళ్ళకి బొమ్మ గీయండి.

కంట్రోలరు గరిష్ఠ వేగం ముందే తగ్గించి పెట్టండి. ఏ పిల్లాడైనా మొదట చేసేది గుండీని చివరిదాకా తిప్పడమే. ఆడేది ఒక్కరే, కానీ ఇద్దర్ని నిలబెట్టండి, ఒకరు డ్రైవరు, ఇంకొకరు పాయింట్స్‌మన్. "లైను ఇవ్వు", "ఇచ్చాను" అని వాళ్ళలో వాళ్ళు మొదలుపెట్టాక మీ అవసరం తీరిపోతుంది. వాయనం శనగలు తిన్న చేతులు ముందు తుడిపించాలి. పట్టా మీద జిడ్డు పడితే ఇంజిను కుంటుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు సీసా, పాత కాటను గుడ్డ, చెవి పుల్లలు బల్ల కింద ఉంచండి. కరెంటు పోయినా ఆట ఆగకూడదనుకుంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పక్కన పెట్టుకోండి.

ఫోనులో వీడియో తీసి పంపేటప్పుడు ఫోనుని తలకిందులుగా తిప్పి, కెమెరా పలకని ఆనేలా పెట్టండి. అప్పుడు లెన్సు పట్టాల ఎత్తుకి వస్తుంది. ఇంజిను మీదికి వస్తున్నట్టుంటుంది, వెనక సోఫా కనపడకుండా నీలం చీర ఒకటి వేలాడదీస్తే ఆకాశం.

ఊళ్ళో ఇంకో ఇద్దరు దొరికి అందరివీ కలిపి పొడవాటి లైను వేయాలనిపిస్తే, అప్పుడు ఎన్ సైజులో టీ-ట్రాక్ అనే పద్ధతి చూడండి. ఒక్కో ముక్క 308 మి.మీ. పొడవు, మీద కేటో కంపెనీ ట్రాకు 310 మి.మీ. ఆ రెండు మిల్లీమీటర్ల తేడా వల్ల పట్టాలే ముందు కలుస్తాయి. ఎవరి ముక్క వాళ్ళింట్లో కట్టుకుని, ఏ బల్ల మీదైనా చేర్చి నొక్కితే చాలు.

పండగ అయ్యాక కంకర మీద రాలిన పసుపూ కుంకుమా మెత్తటి బ్రష్షుతో ఊడ్చి, ఫ్రిజ్ అట్టపెట్టెతో చేసిన మూత బోర్లించి బీరువా మీద పెట్టండి. మూత లేకపోతే ఫ్యాను దుమ్ముతో పాటు బల్లి కూడా చేరుతుంది, గూడ్స్ షెడ్డు దానికి సరిగ్గా సరిపోయే ఇల్లు. మూత వేసేముందు వ్యాగన్లు లెక్కపెట్టుకోండి. మాకు పోయిన సంక్రాంతికి ఉప్పు వ్యాగను కనపడలేదు. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే కొలువులో దాచిన కొండపల్లి ఏనుగు బుట్టలో దొరికింది, లోపల మూడు శనగలు కూడా ఉన్నాయి.